మొదటి డీఎస్ఎల్ఆర్ కొనేముందు మీ మామయ్య బీరువా తెరిచి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, చేతిలో 40 వేలు, అందులో సగం అమ్మ చీటీ పాడి ఇచ్చింది. కెనాన్ 1500డి కొనాలా నికాన్ డి3500 కొనాలా, ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి, షాపాయన రెండు లెన్సులూ బ్యాగూ ట్రైపాడూ కలిపి కాంబో ఇస్తానంటున్నాడు తీసుకోవచ్చా, అందరూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) అంటుంటే ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొంటే డబ్బు దండగా. ఈ నాలుగూ అడిగేసి, పక్షులు తీయాలి, జాతర్లు తీయాలి, కుదిరితే పెళ్ళిళ్ళకి వెళ్ళి నాలుగు డబ్బులు సంపాదించాలి అన్నావు. చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు చూడు, "కాశీనగర్‌లో మా మామయ్యకి స్టూడియో ఉంది, కెనాన్ 80డి వాడతాడు, కానీ ఆయన పాతకాలం మనిషి" అని. నాకైతే నువ్వు రాసినదంతట్లో ఆ ముక్కే పనికొచ్చే ముక్క. మిగతా నాలుగు ప్రశ్నలకీ జవాబు అందులోంచే వస్తాది, ఎలాగో చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు.

నాది బరంపురం. మా తాతలు పట్టు మగ్గాల మీద బతికినోళ్ళు, నేను 1998లో బడా బజార్ వైపు ఒక స్టూడియోలో డార్క్ రూమ్ కుర్రాడిగా చేరాను, ఫిల్మ్ కడగడం, ప్రింట్లు ఆరబెట్టడం, పెళ్ళిలో గొడుగు లైట్ పట్టుకుని గురువుగారి వెనకాల తిరగడం, ఇదీ నా చదువు. ఇప్పుడు తెలుగు పెళ్ళిళ్ళూ తీస్తాను, ఒడియా వాళ్ళ బాహాఘరాలూ తీస్తాను, కెమెరాలు చాలానే అరగదీశాను. అంచేత నీకు స్పెసిఫికేషన్లు చదివి వినిపించడం కంటే నేను ఎక్కడ బోర్లా పడ్డానో చెప్తే నీకు ఎక్కువ పనికొస్తాది.

2009లో నా సొంత డబ్బుతో మొదటి డిజిటల్ కొన్నాను, నికాన్ డి60. ఎందుకు కొన్నానంటే మా గురువుగారి దగ్గర నికాన్ ఎఫ్80 ఫిల్మ్ కెమెరా, దానికి 50 ఎంఎం ఎఫ్1.8డి, 85 ఎంఎం ఎఫ్1.8డి లెన్సులు ఉండేవి, ఆయన కళ్ళు మసకలొచ్చి పని మానేశారు, లెన్సులు వాడుకోరా అన్నారు. నికాన్ లెన్స్ నికాన్ కెమెరాకి పట్టదేటి అనుకున్నాను, పట్టింది కూడా, టిక్కుమని కూర్చుంది. షాపాయన కూడా ఆహా బ్రహ్మాండం అన్నాడు. ఇచ్ఛాపురంలో మాఘమాసం పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున 3 దాటాక, మండపంలోకి వెళ్ళి 85 తగిలించి బటన్ సగం నొక్కాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ డి రకం లెన్సుల్లో మోటారు ఉండదు, కెమెరా బాడీలో ఉన్న మోటారు ఒక చిన్న స్క్రూలాంటి దాన్ని తిప్పితేనే ఫోకస్ అవుద్ది, ఎఫ్80లో ఆ మోటారు ఉంది, డి60లో లేదు. అప్పటికప్పుడు చేత్తో రింగు తిప్పుకుంటూ, వ్యూఫైండర్ మూల వెలిగే పచ్చచుక్క కోసం చూస్తూ తీశాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే కదా ఉండేది, మళ్ళీ పెట్టమని అడగలేం. ఆ ఫోటోలో పెళ్ళికూతురు తల వెనకాల పంతులుగారి జంధ్యం మాత్రం పోగు పోగు లెక్కపెట్టేంత షార్పుగా వచ్చింది, పెళ్ళికూతురు మొహం మబ్బు. వాళ్ళ నాన్నగారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ రోజు నుంచి నన్నెవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే, నీ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఏముంది అని. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాడికి ఈ మాట అక్కర్లేదు, లెన్స్ అద్దెకిచ్చే షాపులు వీధికొకటి, సర్వీస్ సెంటర్ ఆటోలో వెళ్ళేంత దూరం. మనకి? కెమెరాకి జబ్బు చేస్తే భువనేశ్వరో విశాఖపట్నమో పట్టుకెళ్ళాలి, నీకు పర్లాకిమిడి నుంచైతే రానూపోనూ ఒక రోజంతా పోద్ది, బాగుచేశాక తెచ్చుకోడానికి ఇంకో రోజు. పెళ్ళి రేపనగా ఫ్లాష్ కాలిపోతే అమెజాన్ వాడు ఆదుకోడు, పక్క స్టూడియో వాడు ఆదుకుంటాడు, అదీ వాడి కంపెనీ నీ కంపెనీ ఒకటైతేనే.

నీకు మామయ్య ఉన్నాడు, ఆయన దగ్గర 80డి ఉంది, కాబట్టి నీది కెనాన్, ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. డి3500 చెడ్డదని కాదు సుమీ, నిజం చెప్పాలంటే 1500డి కంటే కొన్నిట్లో బాగుంటాది, సెకనుకి 5 ఫోటోలు తీస్తాది, ఇది 3 తీస్తాది, ఒక్క చార్జికి కంపెనీ లెక్కలో 1550 ఫోటోలు, దీనికి 500. కానీ నికాన్ దాని తయారీ ఎప్పుడో ఆపేసింది, ఇంకా షాపులో దొరుకుతుందంటే అది మిగిలిపోయిన సరుకు, పైగా నా డి60 రోగం దానికీ ఉంది, మోటారు లేదు. కెనాన్‌లో ఈ గొడవ రాదు, 1987లో ఈఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) మొదలెట్టినప్పటి నుంచీ వాళ్ళు మోటారు లెన్సులోనే పెడుతున్నారు, మీ మామయ్య బీరువాలో ఫిల్మ్ కాలం నాటి కెనాన్ ఈఎఫ్ లెన్స్ దొరికినా అది నీ డిజిటల్ బాడీ మీద ఆటోఫోకస్ అవుద్ది. బీరువా తెరిచి చూడమన్నది అందుకే.

మరి కెనాన్ అన్నాం కదా 1500డి కొనేస్తా అంటావు. ఆగు. ఇది షాపులో ఎవరూ చెప్పరు. కెమెరా నెత్తి మీద ఫ్లాష్ తగిలించే స్లాట్ ఉంటాది చూశావా, హాట్ షూ అంటారు, దాని మధ్యలో గుండ్రంగా పెద్ద పిన్ను ఒకటి ఉండాలి. మన స్టూడియోల్లో గొడుగు లైట్లని వెలిగించే చవక ట్రిగ్గర్లు, వెయ్యి రెండు వేల రూపాయల ఫ్లాష్‌లు అన్నీ ఆ ఒక్క పిన్ను మీదే నడుస్తాయి. కెనాన్ వాడు 1500డి, 3000డి, 200డి మార్క్ టూ, వీటికొచ్చేసరికి ఆ పిన్ను తీసేశాడు. 1500డిలో మొదట్లో వచ్చిన కొన్నిటికి ఉందంటారు గాని నమ్ముకోకు, షాపులో హాట్ షూ మీదున్న మూత జరిపి కళ్ళతో చూసుకో. పిన్ను లేకపోతే కెనాన్ భాష మాట్లాడే ఖరీదైన ఫ్లాషే పనిచేస్తాది, మీ మామయ్య స్టూడియోలో లైట్లన్నీ నీ కెమెరాని చూసి మొహం తిప్పుకుంటాయి. పెళ్ళిళ్ళు తీస్తానన్నవాడికి ఇది చిన్న లోపం కాదు. 3000డి గురించి ఇంకేం చెప్పను, లెన్స్ బిగించే చోట కూడా ప్లాస్టిక్కే పెట్టాడు, ఫ్రీగా ఇస్తే తీసుకో.

నా మాటేంటంటే, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 70డి వెతుకు. 2013 మోడల్, పాతదే, కానీ అప్పట్లో అది బిగినర్ కెమెరా కాదు, పని చేసుకునేవాళ్ళ కెమెరా. ఫోకస్ పాయింట్లు 19, అన్నీ క్రాస్ టైపు, అంటే నిలువు గీతనీ అడ్డగీతనీ రెండిటినీ పట్టేవి, 1500డిలో ఉన్నవి 9, అందులో నడిమిది ఒక్కటే క్రాస్. సెకనుకి 7 ఫోటోలు. తిరిగే టచ్ స్క్రీన్, హాట్ షూలో పిన్ను ఉంది. అన్నిటికంటే పెద్ద సంగతి, దాని బ్యాటరీ ఎల్పీ-ఈ6, మీ మామయ్య 80డిలో వేసేదీ ఆ జాతి బ్యాటరీయే, ఒకరిది ఒకరికి పడతాది, చార్జర్ కూడా. అంటే రాత్రి పెళ్ళిలో నీ బ్యాటరీ అయిపోతే మామయ్య జేబులోంచి తీసి వేసుకుంటావు. నీకు దొరికితే 80డియే దొరకొచ్చు, ఇంకా మంచిది, 45 పాయింట్లు, కానీ నీ డబ్బుకి అది తీసుకుంటే లెన్సుకేం మిగలదు, ఆ తప్పు చెయ్యకు.

మెగాపిక్సెల్స్ అడిగావు. 70డిలో 20, 1500డిలో 24. తేడా నీకు కనపడదు, నాకూ కనపడదు. మన దగ్గర పెళ్ళి ఆల్బమ్ షీట్ 12 బై 36 అంగుళాలు కదా, అందులో సగం పేజీ అంటే 12 బై 18, దానికి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400 బై 3600 పిక్సెల్స్ చాలు, గుణించుకో, 19 మిలియన్ చిల్లర. 20 మెగాపిక్సెల్ కెమెరా అంత ఇచ్చేస్తాది. మీ ఇంట్లో ఎవరి ఫోన్లోనో 108 అని రాసుంటాది, ఆ లెక్కలు నమ్మి కెమెరా కొనకు, ఫోన్ సెన్సార్ వేలి గోరంత, దీని సెన్సార్ తపాలా బిళ్ళంత, వెలుతురు పట్టేది ఆ వైశాల్యం.

ఇక కాంబో. ట్రైపాడ్ అని ఇచ్చేది అగరొత్తి పుల్లల్లా ఉంటాది, గోపాల్‌పూర్ బీచ్‌లో గాలికి కెమెరాతో సహా పడిపోయింది నేను చూశాను. బ్యాగు మూడు నెలలు. రెండు లెన్సులంటే 18-55 ఎంఎం జూమ్, ఇంకోటి 55-250 ఎంఎం జూమ్. ఆ 18-55 మీద రెండు అక్షరాలు చూడు, ఐఎస్ అని ఉందా లేదా, ఉంటే చెయ్యి వణుకు కొంత తట్టుకుంటాది, ఐఎస్ లేని త్రీ అనే రకం కూడా కొన్ని కిట్లలో అంటగడతారు. 55-250లో పాత ఐఎస్ టూ ఇస్తున్నాడా ఎస్టీఎమ్ (కొత్తరకం మోటారు ఉన్నది) ఇస్తున్నాడా చూడు, ఎస్టీఎమ్ అయితే ఫోకస్ బేగి పడతాది, చప్పుడు కూడా చెయ్యదు, పాతది పిండిమిల్లులా గుర్రుమంటాది. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్స్ అవసరం నీకు ఎలాగూ లేదు, మామయ్య దగ్గర 18-135 గానీ 18-55 గానీ ఉండి తీరతాది, 80డి ఒట్టి బాడీ కొన్న పెళ్ళి ఫోటోగ్రాఫర్ని నేను చూడలేదు.

నీ డబ్బుతో నువ్వు కొనాల్సిన లెన్స్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్టీఎమ్. ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ నోరు అంత పెద్దగా తెరుచుకుంటాది. ఎందుకో మా ఊరి ఠాకురాణి యాత్రతో చెప్తాను. నువ్వొచ్చే ఉంటావు, రెండేళ్ళకోసారి చైత్రమాసంలో, నెల్లాళ్ళు, రాత్రుళ్ళు ఘటాలు తిరుగుతుంటాయి, వీధి నిండా వేషాలు. పులి వేషం వాడు డప్పు దెబ్బకి గెంతుతున్నాడనుకో, వెలుతురంటే సీరియల్ బల్బులూ ఒక ట్యూబ్‌లైటూ. కిట్ లెన్స్‌ని 55కి లాగితే అది ఎఫ్5.6 కంటే తెరుచుకోదు, ఐఎస్ఓ, అంటే వెలుతురుకి సెన్సార్ స్పందించే జోరు, 3200 పెట్టినా షట్టర్ స్పీడ్ 1/15 చూపిస్తాది, అంటే సెకనులో పదిహేనో వంతు. 1/15లో గెంతే పులి పులిలా రాదు, పసుపు నీళ్ళు చిమ్మినట్టు వస్తాది. ఐఎస్ ఉంది కదా అంటావు, ఐఎస్ నీ చెయ్యి వణుకునే ఆపుతాది, పులి గెంతుల్ని ఆపదు. అదే చోట, అదే ఐఎస్ఓలో 50 తగిలించి ఎఫ్1.8కి తెరువు. 5.6ని 1.8తో భాగించి ఆ వచ్చిందాన్ని దానితోనే గుణించు, తొమ్మిదిన్నర పైన వస్తాది, అంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొచ్చింది. 1/15 కాస్తా 1/125 దాటుతాది. పులి గాల్లో ఉంటాది, మీసాల మీద రంగు చెమటకి కరుగుతున్నది కూడా కనపడతాది. ఏ బాడీ మార్చినా నీకింత తేడా రాదు, కొత్తది పదివేలు అటూఇటూ ఉండే ఒక్క లెన్స్‌తో వస్తాది. కాకపోతే ఎఫ్1.8లో ఫోకస్ తప్పితే మనిషి తప్పాడన్నట్టే, కళ్ళ మీద పెట్టాలి, ముక్కు మీద పడితే కళ్ళు మబ్బు, ఒక వారం చేతులు కాలాక అలవాటవుద్ది. ఇంకోటి, మన కెమెరాల సెన్సార్ చిన్నది కాబట్టి 50 అనేది 80లా కనపడతాది, మీ ఇంటి వసారాలో నిలబడి మొత్తం కుటుంబాన్ని తీయాలంటే వీధిలోకి దిగాలి. గ్రూప్ ఫోటోలకి మామయ్య జూమ్ వాడుకో.

పక్షుల విషయంలో నీ ఆశ మీద నీళ్ళు చల్లక తప్పదు. 40 వేలలో పక్షుల లెన్స్ రాదు. 250 ఎంఎం అంటే మన సెన్సార్ మీద 400లా ఉంటాది, ఊళ్ళో చెరువు గట్టు మీద కొంగకి చాలు, ఎగిరే చిన్న పిట్టకి చాలదు. అయితే చిలిక సరస్సు ఒడ్డున మంగళాజోడి అనే ఊరు ఉంది, చలికాలంలో వెళ్ళు, అక్కడ గెడకర్రతో నడిపే పడవలు, ఒకప్పుడు పిట్టల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు వాటిని కాపాడుతూ పడవలు నడుపుతున్నారు, మోటారు చప్పుడు లేదు కాబట్టి పిట్టలు చాలా దగ్గరికి రానిస్తాయి, అక్కడ 250తో కూడా మంచి ఫోటోలు తీసినవాళ్ళున్నారు. ఇంకా దగ్గర్లో అంటే మన గంజాం జిల్లాలోనే భేట్నోయి, బలిపదర్ వైపు కృష్ణజింకలు పొలాల్లో తిరుగుతుంటాయి, అక్కడి రైతులు వాటి జోలికి ఎవర్నీ రానివ్వరు, జింకలొస్తే పంట బాగుంటాదని నమ్మకం. పొద్దున్నే గట్టు మీద కదలకుండా కూర్చుంటే అవే వస్తాయి, 55-250 సెకండ్ హ్యాండ్ ఒకటి తర్వాత కొనుక్కుని వెళ్ళు, షట్టర్ 1/500కి తగ్గనివ్వకు. ఋషికుల్య నది దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో మాత్రం ఫ్లాష్ పట్టుకుని వెళ్ళకు, ఆ వెలుగుకి అవి బెదిరి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతాయి, పిల్లలైతే వెలుగు వైపే నడిచి దారి తప్పుతాయి. ఫోటో కంటే ఆ ప్రాణం పెద్దది, ఇంతకంటే దాని గురించి రాయను, కోపం వస్తాది నాకు.

మిర్రర్‌లెస్ సంగతి. వాళ్ళు చెప్పేది నిజమే, కెనానూ నికానూ డీఎస్ఎల్ఆర్‌లో కొత్తవి తేవడం మానేశాయి, పెద్ద మోడల్స్ 1డిఎక్స్ మార్క్ త్రీ, డి6 రెండూ 2020లో వచ్చినవే, ఆ తర్వాత ఇద్దరూ మిర్రర్‌లెస్ మీదే పడ్డారు. డబ్బున్నవాడికి నేనూ మిర్రర్‌లెసే కొనమంటాను, మనిషి కన్ను దానంతటదే పట్టుకుంటాది, తీయబోయే ఫోటో వెలుతురు ముందే కనపడతాది. నీ 40 వేలకి దొరికే కొత్త మిర్రర్‌లెస్‌కి మాత్రం ఒకే ఒక కిట్ లెన్స్ వస్తాది, అది చీకట్లో ఎఫ్5.6 కంటే కూడా ఘోరం, ఆ మౌంట్ లెన్సులు మన జిల్లాల్లో అప్పిచ్చేవాడు ఇంకా తక్కువ. అందరూ డీఎస్ఎల్ఆర్ అమ్ముకుంటున్నారు కాబట్టే కదా నీలాంటివాడికి మంచి కెమెరా చవగ్గా దొరుకుతున్నది, వాళ్ళు వదిలించుకుంటుంటే నువ్వు ఏరుకో. రేపు నువ్వు కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్‌కి వెళ్ళినా ఈ ఈఎఫ్ లెన్సులు కంపెనీ అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, 50 నీతోనే వస్తాది. దండగ అయ్యేది ఏదైనా ఉంటే బాడీ ఒక్కటే.

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు పగలు వెళ్ళు, నీ మెమరీ కార్డు నువ్వు పట్టుకెళ్ళు, మామయ్యని తీసుకెళ్ళగలిగితే నోరు మూసుకుని ఆయన వెనకాల నిలబడు. ముందు హాట్ షూ చూడు. దాని పట్టాల మీద నల్లరంగు పూర్తిగా అరిగి తెల్లటి లోహం కనపడుతున్నదా, అయితే అది పెళ్ళిళ్ళ కెమెరా, అమ్మేవాడు ఇంట్లో పిల్లల ఫోటోలకి వాడానన్నా సరే. 70డి షట్టర్‌కి కంపెనీ చెప్పిన లెక్క లక్ష ఫోటోలు, పెళ్ళికి 2500 చొప్పున వేసుకుంటే నలభై పెళ్ళిళ్ళు, అంటే రెండు మూడు సీజన్లు. లక్ష దాటితే వెంటనే చచ్చిపోద్దని కాదు, నాది ఒకటి దాటి కూడా నడిచింది, కానీ ధర దిగాలి. నికాన్‌లో అయితే ఫోటో ఫైల్‌లోనే ఆ లెక్క దొరుకుతాది, కెనాన్‌లో అలా దొరకదు, లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, మామయ్యకి తెలిసే ఉంటాది. తర్వాత ఎఫ్16 పెట్టి ఆకాశం తీయి, ఫోటో పెద్దది చేసి చూడు, బూడిదరంగు చుక్కలు కనపడితే సెన్సార్ మీద దుమ్ము, కొంచెమైతే భయం లేదు తుడిస్తే పోద్ది, గీతలా ఉంటే లేచి వచ్చెయ్. కింద స్క్రూలు చూడు, తుప్పు పట్టి ఉన్నాయంటే అది సముద్రం గాలి తిన్న కెమెరా, ఉచితంగా ఇచ్చినా వద్దు, లోపల ఏటి తుప్పు పట్టిందో పైకి తెలీదు. జేపెగ్‌లో పెట్టి సెకనుకి ఏడు చొప్పున ఒక ఐదు సెకన్లు ఆపకుండా కొట్టు, మధ్యలో తడబడినా, ఎర్రర్ అని చూపించినా వద్దు. నీ 50 అప్పటికే ఉంటే తగిలించి ఒక పేపర్ ఏటవాలుగా పెట్టి ఎఫ్1.8లో ఒక లైను మీద ఫోకస్ చెయ్యి, ఫోకస్ పై లైను మీదో కింద లైను మీదో పడితే కంగారు పడకు, 70డి మెనూలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంది, సరిచేసుకోవచ్చు, 1500డిలో ఆ సదుపాయం లేదు. బిల్లు అడుగు, బిల్లు మీద నంబరూ కెమెరా అడుగున నంబరూ ఒకటేనా చూడు. బిల్లు లేదంటే ఎంత చవకైనా వద్దు, దొంగసొత్తు కొని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినవాడు నాకు తెలుసు.

లెన్స్ చూసే పద్ధతి వేరు. రెండు మూతలూ తీసెయ్, ఫోన్ టార్చి వెలిగించి వెనకనుంచి పట్టుకుని ముందునుంచి కొంచెం పక్కగా చూడు. నాలుగు దుమ్ము రవ్వలు కనపడతాయి, అవి ప్రతి లెన్సులోనూ ఉంటాయి, పట్టించుకోకు. సాలీడు గూడు మొదలెట్టినట్టు సన్నటి తెల్లటి పోగులు అంచునుంచి లోపలికి పాకుతున్నాయంటే అది ఫంగస్. మన తీరం గాలికి ఇది ఇంటింటి జబ్బు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, నీకు గుర్తుండకపోవచ్చు, చిన్నోడివి, మీ వైపు 2018లో తిత్లీ చేసిన పని మాత్రం గుర్తుండే ఉంటాది. మా ఇంట్లో రోజుల తరబడి కరెంట్ లేదు, గోడలు చెమ్మ, పైకప్పు రేకు ఎగిరిపోయిన సందట్లో కెమెరా బ్యాగు సంగతి ఎవడికి గుర్తు. నెల తర్వాత కార్తీకమాసం పెళ్ళికని తీస్తే నా 70-200 తోలు సంచిలో ఉన్నది ఉన్నట్టే ఉంది, లోపల మాత్రం సాలెగూడు. విప్పించి తుడిపించాను, ఫంగస్ పోయింది గాని అద్దం పూత తినేసింది, ఎదురు వెలుగులో ఇప్పటికీ మంచు పట్టినట్టు వస్తాది ఆ లెన్స్. అప్పు చేసి కొన్నది.

కాబట్టి కెమెరా కొన్నరోజే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొను, వంటింట్లో పప్పులు పోసుకునే రకం, రబ్బరు అంచుది. అడుగున సిలికా జెల్, అది రంగు మారినప్పుడల్లా మూకుడులో వేడిచేసి మళ్ళీ వెయ్యొచ్చు. పక్కన తేమ చూపించే చిన్న మీటర్ పెట్టు, మూడు నాలుగొందల్లో వస్తాది, 40కీ 50కీ మధ్య ఉంచు. బియ్యంలో పెట్టమనేవాళ్ళు ఉంటారు, బియ్యం పిండి లెన్స్ రింగుల్లోకి దూరుతాది, పెట్టకు. తోలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య అస్సలు పెట్టకు.

లెక్క చెప్తా విను. మా దగ్గర ఒక కుర్రాడు కిందటేడు 70డి బాడీ 21 వేలకి తెచ్చుకున్నాడు, నువ్వు అంతకి ఒక రెండు వేలు పైకి వెళ్ళినా పర్వాలేదు. 50 ఎంఎం కొత్తది కొను, అది పాతది కొనకు, ఎస్టీఎమ్ లెన్స్ కిందపడితే లోపల ఏటి విరిగిందో బయటికి తెలీదు. పేరున్న కంపెనీ మెమరీ కార్డులు రెండు, ఒక్కటే పెద్దది కాదు, రెండు చిన్నవి, ఒకటి పోతే సగం పెళ్ళయినా మిగులుతాది. డబ్బా, సిలికా జెల్. ఇంకా నాలుగైదు వేలు చేతిలో మిగలాలి, అది ముట్టుకోకు, మంగళాజోడి పడవకీ బస్సుకీ అది.

మామయ్యని పాతకాలం మనిషి అన్నావు చూడు, ఫిల్మ్ మీద నేర్చుకున్నోడు 36 ఫోటోలతో పెళ్ళిలో సగం లాగించేసినోడు, వెలుతురు ఎటునుంచి పడుతున్నదో కెమెరా చూడకుండా చెప్తాడు. ఈ సీజన్‌లో నాలుగు పెళ్ళిళ్ళకి ఆయన వెంట గొడుగు లైట్ పట్టుకుని వెళ్ళు, డబ్బులడక్కు, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు 80డి తీసుకుని ఏవీ మోడ్‌లో తీయి, అంటే ఎఫ్ అంకె నువ్వు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరాయే చూసుకునే మోడ్. వెళ్ళినరోజే మెల్లగా బీరువా తెరిపించు. ఏ లెన్సులున్నాయో ఒక్కోదాని మీద రాసి ఉన్న అక్షరాలు కనపడేలా ఫోటో తీసి పంపు, టార్చి పెట్టి లోపలి అద్దం కూడా తీయి. అది చూశాక 50 కొనాలా, అదీ అక్కర్లేదా చెప్తాను.